పంప్ మార్చినా పెట్రోల్ చాలని ఇంజిన్: ఒక కేస్ స్టడీ

ఇంజిన్ శక్తి పెంచమని నా దగ్గరకు వచ్చే బండ్లలో చాలావాటికి పెద్ద పంప్, పెద్ద ఇంజెక్టర్లు అప్పటికే బిగించి ఉంటాయి. అయినా ఎక్కువ ఆర్‌పీఎంలో పెట్రోల్ చాలక ఇంజిన్ తడబడుతూనే ఉంటుంది. అలాంటి ఒక బండి మీద చేసిన పనిని యజమాని అనుమతితో, ఎవరి బండో తెలియనివ్వకుండా ఇక్కడ రాస్తున్నాను. బాగుచేయడానికి పట్టిన సమయం కంటే కారణం ఏమిటో తేల్చుకోవడానికి పట్టిన సమయమే ఎక్కువ. అందుకే ఏ దశలో ఏమనుకున్నాను, ఎందుకు అనుకున్నాను, అది ఎక్కడ తప్పింది అన్నది కొంచెం వివరంగానే చెబుతాను.

నేపథ్యం

ఇది 2 లీటర్ల, నాలుగు సిలిండర్ల టర్బో పెట్రోల్ ఇంజిన్. ఇంజెక్టర్లు ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో చిమ్మే పాత పద్ధతి. ట్యాంక్‌లో మునిగి ఉండే పంప్ నుంచి ఫిల్టర్ గుండా రైల్‌కు (ఇంజెక్టర్లన్నిటికీ పెట్రోల్ పంచే గొట్టం), రైల్ చివర ఒత్తిడిని అదుపులో ఉంచే రెగ్యులేటర్ గుండా మళ్లీ ట్యాంక్‌కు పెట్రోల్ తిరిగివచ్చే ఏర్పాటు. కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఇది సుమారు 220 హార్స్‌పవర్ ఇచ్చే ఇంజిన్. యజమాని కోరినది 350. నా దగ్గరకు రాకముందే వేరొక చోట పెద్ద టర్బో, నిమిషానికి 650 సీసీ చిమ్మగల ఇంజెక్టర్లు, గంటకు 255 లీటర్లు తోడగలదని చెప్పే పంప్, మ్యాప్ (ఎప్పుడు ఎంత పెట్రోల్ ఇవ్వాలో చెప్పే పట్టిక) మార్చుకోవడానికి వీలున్న ఈసీయూ, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్, అమర్చారు. బిగింపు పని చాలావరకు శుభ్రంగానే ఉంది.

బండిని ముట్టుకోకముందు కాగితం మీద లెక్క వేసుకోవడం నా అలవాటు. భాగాలు చిన్నవై సమస్య వస్తోందా, సరిపడా ఉండి కూడా వస్తోందా అన్నది ముందే తెలిస్తే వెతకాల్సిన దిశ మారిపోతుంది. టర్బో పెట్రోల్ ఇంజిన్ ఒక హార్స్‌పవర్‌ను గంటసేపు ఇవ్వడానికి దాదాపు 270 గ్రాముల పెట్రోల్ తీసుకుంటుందని ట్యూనింగ్‌లో అంచనా వేసుకుంటాం. ఆ లెక్కన 350 హార్స్‌పవర్‌కు గంటకు దాదాపు 95 కిలోలు, అంటే సుమారు 128 లీటర్లు కావాలి. నాలుగు ఇంజెక్టర్లకు పంచితే ఒక్కోదానికి నిమిషానికి 530 సీసీ పైచిలుకు. 650 సీసీ ఇంజెక్టర్‌కు ఇది 82 శాతం డ్యూటీ, అంటే దొరికే సమయంలో 82 శాతం అది తెరిచే ఉండాలి. కొంచెం బిగువే గానీ సరిపోతుంది. పంప్ విషయంలో 255 అన్న అంకె 3 బార్ ఒత్తిడి దగ్గర, 13 వోల్ట్‌లకు పైబడిన సరఫరాతో కొలిచినది. బూస్ట్ (టర్బో గాలిని నెట్టే అదనపు ఒత్తిడి) 1.3 బార్ ఉంటే రెగ్యులేటర్ రైల్ ఒత్తిడిని 4.3కి పెంచుతుంది. ఒత్తిడి పెరిగితే పంప్ తోడే పరిమాణం తగ్గుతుంది. ఆ తరుగుదల తీసేసినా 128 లీటర్లు ఈ పంప్‌కు భారం కాకూడదు.

అంటే కాగితం మీద అన్నీ సరిపోయాయి, బండిలో మాత్రం పెట్రోల్ చాలడం లేదు.

సమస్య కనిపించిన తీరు

పూర్తి థ్రాటిల్‌లో 5,200 ఆర్‌పీఎం వరకు ల్యాంబ్డా (గాలికి, పెట్రోల్‌కు మధ్య పాళ్ల కొలత; అంకె పెరిగితే పెట్రోల్ తగ్గినట్టు) కోరుకున్న 0.80 దగ్గర నిలకడగా ఉండేది. అక్కడి నుంచి మెల్లగా పైకి జారి 6,400 దగ్గర 0.93కి చేరేది. స్వచ్ఛమైన పెట్రోల్ లెక్కలో చెప్పాలంటే 11.8 పాళ్ల గాలికి ఒక పాలు పెట్రోల్ ఉండాల్సిన చోట 13.7 పాళ్ల గాలి వెళుతోందన్న మాట. బూస్ట్ లేని ఇంజిన్‌లో ఇది పెద్ద విషయం కాకపోవచ్చు. 1.3 బార్ బూస్ట్ కింద మాత్రం సిలిండర్‌లో వేడి పెరిగి నాక్ (మిశ్రమం అదుపు తప్పి తనంతట తానే మండడం) మొదలవుతుంది, అది పిస్టన్ రింగుల మధ్య గట్లను పగలగొట్టగలదు. అందుకే మొదటి రోజు నేను చేసిన మొదటి పని బూస్ట్‌ను 0.7కు తగ్గించడం, రెండో పని స్పార్క్ ప్లగ్‌లు విప్పి చూడడం.

మూడు ప్లగ్‌లు మామూలుగా ఉన్నాయి. నాలుగోదాని తెల్లటి పింగాణీ మీద మిరియాల పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు, వాటి మధ్య భూతద్దంలో చూస్తే మెరిసే రెండు సన్నటి రేణువులు కనిపించాయి. ఆ మెరుపు అల్యూమినియందే అనుకోవాలి, అంటే పిస్టన్ ఉపరితలం అప్పటికే కొద్దిగా చెదరడం మొదలుపెట్టింది. అక్కడ ఒక నిర్ణయం తీసుకోవాల్సి వచ్చింది: ఇంజిన్ విప్పాలా, ముందుకు సాగాలా? సిలిండర్‌లోంచి గాలి ఎంత కారుతోందో చూసే లీక్‌డౌన్ పరీక్షలో నాలుగు సిలిండర్లూ 6 నుంచి 9 శాతం మధ్య వచ్చాయి, లోపలికి దూర్చే సన్నటి కెమెరా, బోరోస్కోప్‌తో చూస్తే పిస్టన్ అంచుల్లో కరిగిన గుర్తులు లేవు. విప్పనక్కర లేదని తేల్చుకున్నాను. అయితే కారణం తేలేదాకా పూర్తి బూస్ట్ కొన్ని సెకన్లకు మించకూడదని, ల్యాంబ్డా 0.93 దాటిన క్షణంలో థ్రాటిల్ వదిలేయాలని, ప్రతి పరుగు తర్వాత ప్లగ్‌లు చూడాలని నియమం పెట్టుకున్నాను.

యజమాని చెప్పిన మాటల్లో ఒకటి నన్ను ఆలోచింపజేసింది. చల్లగా ఉన్న ఇంజిన్‌తో, పొద్దున తీసిన మొదటి పరుగు ఎప్పుడూ బాగుండేదట. సాయంత్రం ట్రాఫిక్‌లో తిరిగి వచ్చాక అదే రోడ్డు మీద, అదే గేర్‌లో బండి లాగనని మొరాయించేదట.

అంతకుముందు చేసినవి, నేను మొదట చేసినవి

నా దగ్గరకు వచ్చేలోపు రెండు ప్రయత్నాలు జరిగాయి. ఇంజెక్టర్లు చిన్నవయ్యాయేమోనని రెగ్యులేటర్ తిప్పి బేస్ ఒత్తిడిని (బూస్ట్, వాక్యూమ్ లేనప్పటి రైల్ ఒత్తిడి) 3 బార్ నుంచి 3.5కి పెంచారు. ఇంజెక్టర్ గుండా పోయే పరిమాణం ఒత్తిడి వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి కాగితం మీద ఇది 8 శాతం లాభం. బండిలో జరిగింది వేరు. కింది ఆర్‌పీఎంలో మిశ్రమం అవసరానికి మించి చిక్కబడింది, పైన 5,200 దగ్గర మొదలయ్యే లోటు 4,900కే మొదలైంది. అప్పుడే అసలు విషయం పట్టుబడాల్సింది. ఒత్తిడి పెంచితే లోటు ముందుకు జరిగిందంటే ఇంజెక్టర్ చిన్నది కాలేదని, దాని వెనకున్న సరఫరా అలసిపోతోందని అర్థం. పంప్‌కు మోయాల్సిన బరువు పెంచి ఎక్కువ నీళ్లు తెమ్మన్నట్టు అయింది. నేను మళ్లీ 3 బార్‌కు దించాను.

రెండోది పంప్ దగ్గర వోల్టేజి చూడడం. పంప్ తీగల ప్లగ్ ఊడదీసి మీటర్ పెడితే 12.6 వచ్చిందని, కరెంటు బాగుందని రాసుకుని పక్కన పెట్టారు. ఈ అంకె గురించి మళ్లీ చెబుతాను.

ఇక నా పొరపాటు. ప్రెషర్ సెన్సర్ బిగించేలోపు ఒక పరుగు తీసి చూద్దామని, మ్యాప్‌లో 5,200 పైన 8 శాతం పెట్రోల్ కలిపాను. 6,400 దగ్గర ఒక పూర్తి చక్రానికి దొరికే సమయం 18.75 మిల్లీసెకన్లు. అందులో ఇంజెక్టర్ అప్పటికే 15.4 మిల్లీసెకన్లు తెరిచి ఉంటోంది. దాన్ని 16.6కు పెంచితే ల్యాంబ్డా 0.86 దగ్గరకు రావాలి. అది 0.93 నుంచి 0.92కు కదిలి ఆగిపోయింది. ఇంజెక్టర్ ఎక్కువసేపు తెరిచి ఉన్నా బయటకు వచ్చే పెట్రోల్ పెరగలేదంటే, తెరిచిన కొద్దీ దాని వెనక ఒత్తిడి పడిపోతోందన్నమాట. ఈ ప్రయోగం నాకు సమాచారం ఇచ్చిన మాట నిజమే. కానీ అదే సమాచారం సెన్సర్ ఏ ప్రమాదమూ లేకుండా ఇచ్చేది. పలచని మిశ్రమంతో ఒక పూర్తి బూస్ట్ పరుగును అనవసరంగా ఖర్చు చేశాను.

ఒత్తిడిని నమోదు చేశాక

రైల్‌కు ఎలక్ట్రిక్ ప్రెషర్ సెన్సర్ బిగించి ఈసీయూ లాగ్‌లోకి తెచ్చాను. ముల్లు ఉండే గేజ్‌ను గొట్టంతో సహా కేబిన్‌లోకి తెచ్చి చూసేవాళ్లు ఉన్నారు. ఒత్తిడిలో ఉన్న పెట్రోల్ గొట్టాన్ని మనుషులు కూర్చునే చోటికి తేవడానికి నేను ఏ పరిస్థితిలోనూ ఒప్పుకోను. అది పగిలిన క్షణంలో ఆలోచించే వ్యవధి ఉండదు.

ఇక్కడ చూడాల్సింది రైల్ ఒత్తిడి ఒక్కటే కాదు, రైల్ ఒత్తిడిలోంచి మానిఫోల్డ్ ఒత్తిడిని తీసేయగా మిగిలే తేడా. ఇంజెక్టర్ ముక్కు ఒకవైపు రైల్‌ను, మరోవైపు మానిఫోల్డ్‌ను చూస్తుంది. పెట్రోల్‌ను బయటకు నెట్టేది ఆ రెండింటి మధ్య తేడాయే. రెగ్యులేటర్‌కు మానిఫోల్డ్ నుంచి సన్నని గొట్టం పెట్టేది ఆ తేడా ఎప్పుడూ 3 బార్ ఉండాలనే. ఆ గొట్టం ఊడిపోతే 1.3 బార్ బూస్ట్‌లో తేడా 1.7కు పడిపోయి నాలుగో వంతు పెట్రోల్ తగ్గుతుంది. అందుకే దాన్ని మొదట పరిశీలించాను. గొట్టం బాగుంది, పగుళ్లు లేవు.

లాగ్‌లో తేడా ఒత్తిడి 5,200 వరకు గీత గీసినట్టు 3.0 దగ్గర ఉండి, అక్కడి నుంచి వంగి 6,400 దగ్గర 2.2కు దిగింది. నాకు బాగా ఉపయోగపడిన లెక్క ఇక్కడే దొరికింది. 2.2ను 3తో భాగించి వర్గమూలం తీస్తే 0.856 వస్తుంది, అంటే 14 శాతానికి పైగా లోటు. కోరుకున్న 0.80 ల్యాంబ్డాను 0.856తో భాగిస్తే 0.93. సరిగ్గా మేము చూస్తున్న అంకె. ల్యాంబ్డా లోటు మొత్తాన్ని ఒత్తిడి లోటే వివరిస్తోంది కాబట్టి ఇంజెక్టర్లు, మ్యాప్, గాలి కొలిచే సెన్సర్ ఈ నేరంలో లేవు. వెతకాల్సిన చోటు రైల్ నుంచి ట్యాంక్ వరకు ఉన్న దారి మాత్రమే.

ఆ దారిలో మొదట అనుమానించింది ఫిల్టర్‌ను. దాని ముందు, వెనక ఒత్తిడి కొలిస్తే పూర్తి భారం కింద కూడా 0.1 బార్ తేడా మాత్రమే వచ్చింది, దాన్ని వదిలేశాను. తర్వాత, వేడెక్కాకే సమస్య ముదురుతుందన్న యజమాని మాటను పట్టుకుని, ట్యాంక్‌లో పెట్రోల్ వేడెక్కి ఆవిరి బుడగలు పంప్‌లోకి వెళుతున్నాయని నమ్మాను. నమ్మకం ఎంత బలంగా కలిగిందంటే, ట్యాంక్‌లో పెట్టే చిన్న సర్జ్ పాత్ర (పంప్ నోటి దగ్గర ఎప్పుడూ పెట్రోల్ నిలిచేలా చూసేది) నమూనా కూడా గీసుకున్నాను.

అయితే ఆ మాటకు ఇంకో అర్థం ఉండే అవకాశం ఉంది. చల్లటి ఇంజిన్‌కు, వేడెక్కిన ఇంజిన్‌కు మధ్య మారేది వేడి ఒక్కటే కాదు. చల్లగా ఉన్నప్పుడు ఆల్టర్నేటర్ కొంచెం ఎక్కువ వోల్టేజి ఇస్తుంది, రేడియేటర్ ఫ్యాన్లు తిరగవు. సాయంత్రం ట్రాఫిక్‌లో ఫ్యాన్లు, హెడ్‌లైట్లు, ఏసీ బ్లోవర్ అన్నీ కలిసి కరెంటు లాగుతుంటాయి. వేడి, కరెంటు భారం రెండూ కలిసే వస్తున్నాయి కాబట్టి వాటిని విడదీస్తే తప్ప ఏది దోషో చెప్పలేం. బండిని నిలిపి ఉంచే చక్రాలు తిప్పి శక్తి కొలిచే డైనో మీద రెండు పరుగులు తీశాను. మొదటిది చల్లటి ఇంజిన్‌తో, కానీ హెడ్‌లైట్లు, బ్లోవర్, వెనక అద్దం హీటర్ అన్నీ వేసి. రెండోది బాగా వేడెక్కిన ఇంజిన్‌తో, బయటి ఫ్యాన్‌తో గాలి కొడుతూ, కూలెంట్ వేడిని కనిపెట్టుకుంటూ, బండిలోని విద్యుత్ భారాలన్నీ ఆ కొద్ది సెకన్లు ఆపేసి. చల్లటి పరుగులో లోటు 5,000 దగ్గరే మొదలైంది. వేడి పరుగులో 5,800 దాకా రాలేదు. సర్జ్ పాత్ర నమూనాను పక్కన పెట్టేశాను.

వోల్టేజి

పంప్ ప్లగ్ వెనక నుంచి రెండు సన్నటి తీగలు తీసి, పంప్ తిరుగుతుండగానే వోల్టేజిని లాగ్‌లో నమోదు చేశాను. ఐడిల్‌లో, అంటే థ్రాటిల్ వదిలేసి ఇంజిన్ ఊరికే తిరుగుతున్నప్పుడు, 11.2. పూర్తి బూస్ట్‌లో 10.3. అదే క్షణంలో బ్యాటరీ దగ్గర 13.8. దారిలో మూడున్నర వోల్ట్‌లు పోతున్నాయి.

ముందు చూసిన 12.6 అబద్ధం కాదు, అది కొలిచిన ప్రశ్న వేరు. ప్లగ్ ఊడదీసినప్పుడు తీగలో కరెంటు ప్రవహించదు. ప్రవాహం లేనప్పుడు నిరోధం ఎంతున్నా వోల్టేజి పడదు, ఒక్క పోగు మిగిలిన తీగ కూడా మీటర్‌కు నిండు వోల్టేజి చూపిస్తుంది. యజమాని ఆ రోజు "మీటర్ 12.6 చూపించింది కదండీ" అని రెండుసార్లు అన్నారు. ఆయన ముందే ప్లగ్ పెట్టి, తీసి, రెండు అంకెలూ చూపించాక గానీ ఆయనకు నమ్మకం కుదరలేదు.

ఇందులో ఒక విషవలయం ఉంది. డీసీ పంప్ ఎదుర్కొనే ఒత్తిడి పెరిగితే అది లాగే కరెంటు పెరుగుతుంది. ఈ బండిలో క్లాంప్ మీటర్‌తో చూస్తే 3 బార్ దగ్గర 9 ఆంపియర్లు, 4.3 దగ్గర 12. బూస్ట్ పెరిగిన కొద్దీ కరెంటు, కరెంటు పెరిగిన కొద్దీ తీగలో నష్టం, నష్టం పెరిగిన కొద్దీ పంప్ వేగం తగ్గడం. ఇంజిన్ ఎక్కువగా అడిగే క్షణంలోనే పంప్ బలం తగ్గిపోతోంది. పాత చిన్న పంప్‌కు సరిపోయిన సన్నటి తీగ, పాత రిలే (చిన్న సంకేతంతో పెద్ద కరెంటును కలిపే స్విచ్), పాత కనెక్టర్ కొత్త పంప్‌కు అలాగే మిగిలిపోయాయి.

మూడున్నర వోల్ట్‌లు ఎక్కడెక్కడ పోతున్నాయో విడివిడిగా తెలుసుకోవాలని, పంప్ నడుస్తుండగా బ్యాటరీ ప్లస్ నుంచి పంప్ ప్లస్‌కు, పంప్ మైనస్ నుంచి బ్యాటరీ మైనస్‌కు మీటర్ పెట్టి కొలిచాను. ప్లస్ వైపు 2.1, ఎర్త్ వైపు 1.4 వచ్చాయి. చాలామంది ప్లస్ తీగ మార్చి పని అయిపోయిందనుకుంటారు. ఈ బండిలో అలా చేసి ఉంటే నష్టంలో ఐదింట రెండు వంతులు అలాగే ఉండిపోయేవి. వెనక సీటు కింద కార్పెట్ ఎత్తితే ఎర్త్ బోల్టు కనిపించింది. దాని రింగు కింద రంగు పొర సగం అలాగే ఉంది, మిగతా సగం తుప్పు. ట్యాంక్ మూత మీది కనెక్టర్‌లో ఒక పిన్ చుట్టూ తెల్లటి ప్లాస్టిక్ టీ రంగుకు తిరిగింది, పిన్ నీలంగా మారి స్ప్రింగు బిగువు పోయింది. చేత్తో పట్టుకుంటే ఊగుతోంది.

బ్యాటరీ నుంచి 4 చదరపు మిల్లీమీటర్ల తీగ, బ్యాటరీకి ఆనుకుని ఫ్యూజ్, ట్యాంక్ దగ్గర కొత్త రిలే పెట్టాను. పంప్‌కు వచ్చే పాత తీగను తీసేయకుండా, దాన్ని ఆ రిలేను ఆన్ చేసే సంకేతానికి మాత్రమే వాడాను. ఇంజిన్ ఆగిపోతే పంప్‌ను ఆపే అధికారం ఈసీయూ చేతిలోనే ఉండాలి. స్విచ్‌తో నేరుగా పంప్ నడిపే ఏర్పాట్లు నేను చాలా బండ్లలో చూశాను. ప్రమాదం జరిగి గొట్టం తెగితే ఆ పంప్ పెట్రోల్‌ను రోడ్డు మీదకు తోడుతూనే ఉంటుంది. ఎర్త్‌కు కూడా అదే మందం తీగను బ్యాటరీ మైనస్ వరకు తీసుకెళ్లాను. మూత మీది కనెక్టర్‌ను ఎక్కువ కరెంటు మోసే పిన్నులున్న దానితో మార్చాను. మార్పు ఫలితం స్పష్టంగా తెలియాలని ఆ దశలో ఇంకేమీ ముట్టుకోలేదు.

పూర్తి బూస్ట్‌లో పంప్ దగ్గర 13.4 వోల్ట్‌లు వచ్చాయి. తేడా ఒత్తిడి రెడ్‌లైన్ (ఇంజిన్‌కు అనుమతించిన గరిష్ఠ ఆర్‌పీఎం) దాకా 3.0 దగ్గర నిలబడింది. ల్యాంబ్డా 0.80.

దాని వెనక దాగిన రెండో లోపం

పై ఆర్‌పీఎం భాగం కుదుటపడిన రోజే ఐడిల్ చెడింది. ఐడిల్‌లో మానిఫోల్డ్‌లో 0.6 బార్ వాక్యూమ్ ఉంటుంది కాబట్టి రైల్ ఒత్తిడి 2.4 ఉండాలి. 2.9 కనిపించింది. తేడా 3.5 బార్, 8 శాతం అదనపు పెట్రోల్, దాన్ని తగ్గించడానికి ఈసీయూ ఎప్పుడూ మైనస్ 8 దగ్గర సర్దుబాటు చేస్తూ ఉంది.

దీనికి కారణం మేము చేసిన మంచి పనే. ఐడిల్‌లో ఇంజిన్ తాగేది గంటకు లీటరుకు అటూ ఇటూ. పంప్ తోడేది అంతా రెగ్యులేటర్ గుండా, 6 మిల్లీమీటర్ల పాత రిటర్న్ గొట్టం గుండా వెనక్కి పోవాలి. 11 వోల్ట్‌లతో నీరసంగా తిరిగినంతకాలం ఆ గొట్టం ఎలాగో సరిపెట్టుకుంది. నిండు వోల్టేజి రాగానే దాని ఇరుకుతనం బయటపడింది. మొదటి లోపం రెండోదాన్ని కప్పి ఉంచిందన్నమాట.

రెండు దారులున్నాయి. తక్కువ భారంలో పంప్ వేగం తగ్గించే కంట్రోలర్ పెట్టడం ఒకటి, రిటర్న్ దారిని వెడల్పు చేయడం ఇంకొకటి. కంట్రోలర్‌కు మంచి గుణం ఉంది: పంప్ అనవసరంగా పెట్రోల్‌ను తిప్పితిప్పి వేడెక్కించదు. అయినా నేను గొట్టాన్నే ఎంచుకున్నాను. పూర్తి బూస్ట్ క్షణంలో పంప్‌కు నిండు వోల్టేజి చేరడం మీదే ఈ ఇంజిన్ ప్రాణం ఆధారపడి ఉన్నప్పుడు, ఆ దారిలో ఇంకో ఎలక్ట్రానిక్ భాగాన్ని చేర్చడానికి నాకు మనసొప్పలేదు. 8 మిల్లీమీటర్ల రిటర్న్ గొట్టం, పెద్ద రంధ్రమున్న రెగ్యులేటర్ పెట్టాక ఐడిల్‌లో 2.4 వచ్చింది.

ఆ పని కోసం ట్యాంక్ మూత తెరిచినప్పుడు ఇంకొకటి కనబడింది. పంప్‌కు, మూతకు మధ్య బయట వాడే మామూలు పెట్రోల్ గొట్టం ముక్క పెట్టారు. బయట వాడే గొట్టానికి లోపలి పొర మాత్రమే పెట్రోల్‌కు తట్టుకుంటుంది. ట్యాంక్‌లో అది బయటి వైపు నుంచి కూడా నానుతుంది. వేళ్లతో నొక్కితే ఉడికిన వంకాయలా మెత్తగా ఉంది, క్లిప్పు పళ్లు సగం లోపలికి దిగబడి ఉన్నాయి. ఇంకొన్నాళ్లకు అది ట్యాంక్ లోపలే తెగి, బయట ఒక్క చుక్క కారకుండా ఒత్తిడి మాత్రం మాయమయ్యేది. ట్యాంక్‌లో మునిగి ఉండడానికే తయారయ్యే, ఎస్ఏఈ జే30ఆర్10 అని ముద్ర ఉండే గొట్టంతో మార్చాను. ఈ భాగాలు విప్పే ముందు ప్రతిసారీ బ్యాటరీ మైనస్ తీయడం, రైల్ ఒత్తిడి వదలడం, మంటలార్పే సిలిండర్ చేతికందేలా పెట్టుకోవడం తప్పనిసరి.

చివరికి మిగిలింది ఐడిల్‌లో చిన్న ఊగిసలాట. ఫ్యాన్ తిరగగానే ల్యాంబ్డా పక్కకు జరిగేది. ఇంజెక్టర్‌కు కరెంటు ఇచ్చిన క్షణానికి, అది నిజంగా తెరుచుకునే క్షణానికి మధ్య కొంత ఆలస్యం ఉంటుంది. వోల్టేజి తగ్గితే అది పెరుగుతుంది. దీన్నే డెడ్ టైమ్ అంటాం. పాత మ్యాప్‌లో పాత ఇంజెక్టర్ల డెడ్ టైమ్ 0.6 మిల్లీసెకన్లు అలాగే ఉంది, కొత్తవాటికి 14 వోల్ట్‌ల దగ్గర 0.95. ఐడిల్‌లో మొత్తం పల్స్ 2 మిల్లీసెకన్లే కాబట్టి ఈ 0.35 తప్పు ఆరో వంతు కంటే పెద్దది. 15 మిల్లీసెకన్ల పల్స్‌లో అదే తప్పు 2 శాతం. శాతాల్లో కలిపి దీన్ని ఎవరూ సరిచేయలేరు, ఒకచోట సరిపెడితే ఇంకోచోట చెడుతుంది. ఇంజెక్టర్ తయారీదారు ఇచ్చిన వోల్టేజి పట్టికను ఎక్కించి, ఐడిల్ భాగంలో ముందువాళ్లు కలిపిన శాతాలన్నీ తీసేశాక ఊగిసలాట పోయింది.

ఫలితం, తర్వాత మార్చుకున్న పద్ధతులు

డైనో మీద చక్రాల దగ్గర 296 హార్స్‌పవర్ వచ్చింది. దాన్ని ఇంజిన్ దగ్గరి అంకెగా మార్చడానికి ఊహించిన నష్ట శాతాలు కలపడం నాకు ఇష్టం లేదు. అందుకు బదులు పెట్రోల్ లెక్కే చూశాను. డెడ్ టైమ్ తీసేశాక ఇంజెక్టర్ల డ్యూటీ 81 శాతం, అంటే గంటకు 126 లీటర్లు, అంటే దాదాపు 345 హార్స్‌పవర్‌కు సరిపడేంత. మొదటి రోజు కాగితం మీద వేసిన లెక్కకు చాలా దగ్గర. అక్కడే ఆగుదామని యజమానికి చెప్పాను. ఇంజెక్టర్‌కు ఇంకా కొంత చోటు ఉంది గానీ, ఎండ మండే రోజున, పెట్రోల్ నాణ్యత తగ్గిన రోజున ఆ చోటు అవసరమవుతుంది. ఎథనాల్ ఎక్కువ కలిసిన ఇంధనం వాడాలనుకుంటే ఈ లెక్క మొత్తం మళ్లీ వేయాలని కూడా రాసి ఇచ్చాను. ఎథనాల్ పాలు పెరిగిన కొద్దీ అదే గాలికి ఎక్కువ ఇంధనం కావాలి, 85 శాతం కలిసినదానికైతే పరిమాణంలో 40 శాతానికి అటూ ఇటూగా ఎక్కువ. ఈ ఇంజెక్టర్లు దానికి చాలవు.

ఈసీయూలో ఒక కాపలా పెట్టాను. బూస్ట్‌లో ఉండగా తేడా ఒత్తిడి 2.7 కంటే దిగితే, ల్యాంబ్డా ఇంకా బాగున్నా సరే, బూస్ట్ తెగిపోతుంది. ల్యాంబ్డా సెన్సర్ ఎగ్జాస్ట్‌లో ఉంటుంది, అప్పటికే కాలిపోయినదాన్ని చూసి చెబుతుంది. ఒత్తిడి సెన్సర్ ఇంకా కాలనిదాన్ని చూసి చెబుతుంది.

ఆ బండి తర్వాత నా పని క్రమం మారింది. పంప్ మార్చమని ఎవరు వచ్చినా, పాత పంప్ నడుస్తుండగానే రెండు వైపులా వోల్టేజి నష్టం కొలిచి రాసుకుంటాను. అర వోల్ట్ దాటితే తీగ ముందు, పంప్ తర్వాత. మ్యాప్‌లో పెట్రోల్ కలిపే ముందు తేడా ఒత్తిడి గీత చూడకుండా ఉండను. యజమాని చెప్పే మాటల్లో "వేడెక్కాక", "సాయంత్రం", "ట్యాంక్ ఖాళీ అయ్యాక" లాంటివి వినబడితే, వాటితో పాటు ఇంకేమేం మారుతున్నాయో ఒక కాగితం మీద రాసుకుని, వాటిని విడదీసే పరుగు ఏదో ఆలోచించాకే పనిముట్లు తీస్తాను.

తేలకుండా ఉండిపోయినది ఒకటుంది. ట్యాంక్ పావు వంతు కంటే తగ్గినప్పుడు, పొడవాటి కుడి మలుపులో తేడా ఒత్తిడి అరక్షణం పాటు 2.8కు తొంగిచూస్తోంది. పెట్రోల్ ఒక పక్కకు ఒరిగి పంప్ నోరు గాలి పీలుస్తోందని ఆ గీత ఆకారాన్ని బట్టి చెప్పవచ్చు. నేను ముందు గీసిన సర్జ్ పాత్రకు ఇక్కడ నిజమైన పని ఉంది. యజమాని ట్రాక్ మీదకు వెళ్లాలనుకున్నప్పుడు చేద్దామని, అంతవరకు సగం ట్యాంక్ కంటే తక్కువతో గట్టిగా నడపవద్దని మాట అనుకున్నాం. ఆరు నెలల తర్వాత ఫిల్టర్ మార్చడానికి బండి వచ్చింది. పంప్ దగ్గర వోల్టేజి అదే 13.4, నాలుగో సిలిండర్ ప్లగ్ విప్పి చూస్తే పింగాణీ లేత గోధుమ రంగులో, చుక్కలు లేకుండా శుభ్రంగా ఉంది.